కనీస వేతనం పెంచితే ఉద్యోగాలు పోతాయా? పోతే ఎక్కడ పోతాయి?

మీరు అడిగింది రెండు ముక్కల్లో చెప్పుకుందాం. ఒకటి: కనీస వేతనం పెంచితే చిన్న సంస్థలు మనుషుల్ని తీసేస్తాయని కాలేజీలో చెప్పారు, యూనియన్ వాళ్ళేమో పెంచకపోతే బతికేదెలా అంటున్నారు, ఏది నిజం? రెండు: మీ అన్నయ్య హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో కాంట్రాక్టు మీద సెక్యూరిటీ గార్డు. రోజుకు 12 గంటల డ్యూటీ, నెలకు 15,000 చేతికొస్తున్నాయి. అది చట్టం ప్రకారం సరైనదేనా?

నా గురించి ఒక్క మాట. నిజామాబాద్ వైపు ఒక బీడీ కంపెనీలో లెక్కల గుమస్తాగా మొదలుపెట్టి, తర్వాత హైదరాబాద్ వచ్చి లేబర్ కన్సల్టెంటుగా స్థిరపడ్డాను. చిన్న ఫ్యాక్టరీలు, ఆస్పత్రులు, హోటళ్ళు, సెక్యూరిటీ ఏజెన్సీల జీతాల రిజిస్టర్లు, పీఎఫ్, ఈఎస్ఐ చూడటం నా పని. నాకు ఫీజు ఇచ్చేది యజమానులే. కాబట్టి కింద రాసినదాన్ని యూనియన్ ప్రసంగం కింద కొట్టెయ్యకండి.

సూటిగా చెప్పాలంటే: మన దగ్గర కనీస వేతనం పెరిగినందుకు మనుషుల్ని ఇంటికి పంపడం నేను చాలా తక్కువ చూశాను. మారేవి వేరు. పని గంటలు పెరుగుతాయి, పని దినాలు తగ్గుతాయి, ఖాళీ అయిన పోస్టు నింపరు, రిజిస్టరులో రాసేదానికీ చేతికిచ్చేదానికీ తేడా పెరుగుతుంది. ఉద్యోగాల సంఖ్య చూసి ఈ చట్టం మంచిదా చెడ్డదా అని తేల్చేవాళ్ళు చూడాల్సిన చోట చూడటం లేదని నా అభిప్రాయం. పని ఎన్ని గంటలు, నెలకు ఎన్ని రోజులు అన్నవి చూడాలి. నిజంగా ఉద్యోగాలు పోయే చోట్లు కొన్ని ఉన్నాయి. పనిని మూటగట్టి పక్క రాష్ట్రానికి తీసుకుపోగలిగితే అక్కడ పోతాయి. ఆస్పత్రి గేటును ఎవరూ పక్క రాష్ట్రానికి తీసుకుపోలేరు.

మీ లెక్చరర్ చెప్పింది తప్పని అనను. టమాటా ధర పెరిగితే కొనేవాళ్ళు తగ్గుతారు, కూలి ధర పెరిగినా అంతే అన్నది పాఠం. అయితే రైతుబజారులో టమాటా అమ్మేవాళ్ళు వందమంది, కొనేవాళ్ళు వేలమంది. మండల కేంద్రంలో రెండు ప్రైవేటు స్కూళ్ళు, ఒక రైస్ మిల్లు ఉంటే, అక్కడ ఆయా పనికో హమాలీ పనికో వెళ్ళే మనిషికి బేరమాడే దారేది? ఇచ్చింది తీసుకోవడమే. అలాంటి చోట యజమాని ఇచ్చే జీతం ఆ మనిషి చేసే పని విలువకన్నా తక్కువే ఉంటుంది. ఆ తేడా ఉన్నంత మేరకు జీతం పెంచినా మనిషిని తీసెయ్యాల్సిన అవసరం యజమానికి రాదు, లాభం కొంచెం తగ్గుతుందంతే. తేడా అయిపోయాక కూడా పెంచుతూ పోతే అప్పుడు మీ లెక్చరర్ పాఠం పనిచేస్తుంది.

ఇది ఊహ కాదు, కొలిచి చూశారు. అమెరికాలో 1992 ఏప్రిల్‌లో న్యూజెర్సీ రాష్ట్రం కనీస వేతనాన్ని గంటకు 4.25 డాలర్ల నుంచి 5.05కి పెంచింది. పక్కనే ఉన్న పెన్సిల్వేనియా పెంచలేదు. డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు సరిహద్దుకు అటూ ఇటూ ఉన్న ఫాస్ట్‌ఫుడ్ హోటళ్ళలో పెంపుకు ముందూ తర్వాతా ఎంతమంది పనిచేస్తున్నారో లెక్క తీశారు. న్యూజెర్సీలో ఉద్యోగాలు తగ్గలేదు. 1994లో ఆ పేపరు అచ్చయినప్పుడు పెద్ద గొడవే జరిగింది, వేరేవాళ్ళు జీతాల రికార్డులు తీసి దానికి అడ్డం కూడా తిరిగారు. కార్డ్‌కు 2021లో నోబెల్ వచ్చింది. సియాటిల్ నగరం గంటకు 13 డాలర్లకు పెంచినప్పుడు మాత్రం అక్కడి యూనివర్సిటీ బృందం 2017లో వేరే మాట చెప్పింది: తక్కువ జీతగాళ్ళకు దొరికే పని గంటలు తగ్గాయని. దాని మీదా వాదనలున్నాయి. కానీ గంటల సంగతి నాకు వెంటనే ఎక్కింది, రిజిస్టర్లలో నేను చూసేది అదే కాబట్టి.

మన దగ్గరే ఇంకా గట్టి ఉదాహరణ ఉంది. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరిలో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆ కూలి డబ్బు స్మార్ట్ కార్డుల ద్వారా ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు 8 జిల్లాల్లో 157 మండలాలను లాటరీ పద్ధతిలో విడగొట్టి, కొన్నింటికి ముందు, కొన్నింటికి తర్వాత కార్డులు ఇచ్చారు. ఆర్థికవేత్త కార్తీక్ మురళీధరన్, ఆయన సహచరులు ఫలితాలు చూశారు. కార్డులు ముందు వచ్చిన మండలాల్లో ఉపాధి హామీ సక్రమంగా నడిచింది, దాంతో బయట రైతులు ఇచ్చే కూలి కూడా పెరిగింది. కూలి పెరిగితే రైతులు పనికి పిలవడం మానేస్తారని కదా భయం. అక్కడ ప్రైవేటు పని దినాలు తగ్గలేదు సరికదా పెరిగాయి. ఇది కనీస వేతన చట్టం కాదు, ఒప్పుకుంటాను. కానీ కూలికి కింద ఒక పీట వేస్తే ఏమవుతుందన్న ప్రశ్నకు మన ఊళ్ళ నుంచే వచ్చిన జవాబు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. సగం చోట్ల ఈ చట్టం ఎవరికీ తగలదు. హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ కట్టే చోట తాపీ మేస్త్రీకి కనీస వేతనం ఎంతో మేస్త్రీకీ తెలియదు, బిల్డరుకీ తెలియదు. బయటి రేటు దానికన్నా ఎంతో పైన ఉంటుంది. బిర్యానీ మాస్టరుకూ అంతే. ప్రభుత్వం అక్కడ 20 శాతం పెంచినా చీమ కుట్టినట్టు కూడా ఉండదు. చట్టం నిజంగా తగిలేది సెక్యూరిటీ గార్డు, హౌస్‌కీపింగ్ మనిషి, స్కూలు ఆయా, నర్సింగ్ హోమ్‌లో కొత్తగా చేరిన సిస్టరు, బట్టల షాపులో సేల్స్ అమ్మాయి, బీడీ చుట్టే ఆవిడ దగ్గర. వీళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ అన్నది గమనించండి.

బీడీల దగ్గర కొంచెం ఆగుతాను. ఉద్యోగాలు పోతాయన్న మాట అన్నిటికన్నా ఎక్కువ నిజమైంది అక్కడే, నేను దగ్గర్నుంచి చూసిందీ అక్కడే.

బీడీ చుట్టేవాళ్ళకు నెల జీతం ఉండదు, వెయ్యి బీడీలకు ఇంత అని రేటు. కార్ఖానాలో తునికాకు, తంబాకు, దారం తూకం వేసి ఇస్తారు. ఆవిడ ఇంటికి తీసుకుపోయి, ఆకు తడిపి, రేకు పెట్టి కత్తిరించి, చుట్టి, మూతి మడిచి, 25 బీడీలకో కట్ట కట్టి మళ్ళీ కార్ఖానాకు తెస్తుంది. అక్కడ టేకేదారు చూసి, బాగాలేవన్నవి పక్కకు తీస్తాడు. వెయ్యి రేటు పెరిగిందని జీవో రాగానే ఆఫీసులో ఏం జరిగేదో చెప్తాను. ఎవరినీ తీసేసేవాళ్ళు కాదు. పేరు రిజిస్టరులో అలాగే ఉండేది, పీఎఫ్ నంబరు అలాగే ఉండేది. వారంలో ఆకు ఇచ్చే రోజులు తగ్గేవి. లెక్క కోసం అనుకోండి: వెయ్యికి 220 ఉన్నది 250 అయింది. రోజుకు వెయ్యి చుట్టే మనిషికి నెలకు 18 రోజుల పని ఉన్నది 15 రోజులైంది. పాత లెక్కన 3,960 వచ్చేది, కొత్త లెక్కన 3,750. రేటు పెరిగింది, ఇంటికొచ్చేది 210 తగ్గింది. గణాంకాల్లో మాత్రం ఒక్క ఉద్యోగం కూడా పోలేదు!

అది చాలదన్నట్టు ఆకు తూకంలో కోత ఉంటుంది. ఇచ్చిన ఆకులో చిల్లులు, ఎండిపోయినవి పోగా వెయ్యి బీడీలు రావు. తక్కువ పడితే ఆవిడే బజారులో ఆకు కొనుక్కుని నింపాలి. తీసేసిన బీడీలకు కూలి లేదు, కానీ ఆ బీడీలను ఎవరూ పారెయ్యరు. ఇవన్నీ ఏ చట్టంలోని కనీస వేతనం అంకెలోనూ కనపడవు. పీస్ రేటు పనిలో రేటు మాత్రమే నిర్ణయించి, వారానికి కనీసం ఎన్ని రోజులు పని ఇవ్వాలో చెప్పకపోతే పెంపు సగం ఉత్తదే అని నేను గట్టిగా నమ్ముతాను.

కంపెనీలు మరీ ఇబ్బంది అనిపిస్తే పనినే తీసుకుపోతాయి. బీడీకి మిషను లేదు, కరెంటు లేదు, షెడ్డు లేదు. ఆకూ తంబాకూ లారీలో ఎక్కిస్తే ఏ రాష్ట్రంలోనైనా చుట్టేవాళ్ళు దొరుకుతారు. కేరళలోని కన్నూరులో అదే జరిగింది. 1966లో బీడీ కార్మికుల చట్టం వచ్చింది. కేరళ ప్రభుత్వం దాన్ని గట్టిగా అమలు చెయ్యబోతే 1968లో మంగళూరు కంపెనీలు అక్కడ డిపోలు మూసేసి వెళ్ళిపోయాయి. దాదాపు 12,000 మంది రోడ్డున పడ్డారు. చట్టాన్ని తిట్టేవాళ్ళు కథ ఇక్కడితో ఆపేస్తారు. 1969 ఫిబ్రవరిలో ఆ కార్మికులే ప్రభుత్వ సాయంతో దినేశ్ బీడీ సహకార సంఘం పెట్టుకున్నారు. అది తర్వాత 40 వేల మంది దాకా పని ఇచ్చింది, చట్టంలోని కూలి, సెలవులు, బోనస్ ఇస్తూనే. చట్టాన్ని పొగిడేవాళ్ళు ఇక్కడితో ఆపేస్తారు. ఆ తర్వాత పొగాకు వాడకం తగ్గి ఆ సంఘం కూడా కొబ్బరిపాలు, గొడుగులు, బట్టల వైపు మళ్ళాల్సి వచ్చింది. చట్టం వల్ల ఉద్యోగాలు పోయాయా అంటే పోయాయి. అక్కడితో అయిపోయిందా అంటే లేదు.

ఇప్పుడు ఆస్పత్రులు, ఆఫీసుల సంగతి. ఇక్కడ పని కదలదు. ఒక ఆస్పత్రిలో (నా క్లయింటే, పేరొద్దు) హౌస్‌కీపింగ్‌కు 40 మంది ఉండేవాళ్ళు. డీఏ (ధరలను బట్టి జీతానికి కలిపే కరువు భత్యం) పెరిగి బిల్లు పెరిగేసరికి మేనేజ్‌మెంటు కాంట్రాక్టరును పిలిచి, బిల్లు పాతదే ఉండాలంది. ఆయన ఎవరినీ తియ్యలేదు. మానేసినవాళ్ళ చోట కొత్తవాళ్ళను పెట్టలేదు. ఏడాది తిరిగేసరికి 34 మంది మిగిలారు. అంతస్తుకు ఇద్దరు తుడిచేది ఒకరే తుడుస్తున్నారు, జీతం మాత్రం పూర్తి కనీస వేతనం. కార్మికురాలికి లాభమా నష్టమా మీరే చెప్పండి. నేను అడిగితే ఒకావిడ, పైసలు పెరిగినయ్ గానీ నడుము పోయింది సారూ అంది. రెండూ నిజమే.

అక్కడే ఇంకో తలనొప్పి మొదలైంది. కింద జీతం పెరిగింది, పైన పెరగలేదు. పదేళ్ళ నుంచి చేస్తున్న సూపర్‌వైజరుకూ నిన్న చేరిన మనిషికీ తేడా కొన్ని వందల రూపాయలే మిగిలింది. మనిషికి జీతం తక్కువైతే ఓర్చుకుంటాడు గానీ, కొత్తవాడితో సమానమైతే ఓర్చుకోడు. ఇద్దరు పాత సూపర్‌వైజర్లు మానేశారు. పుస్తకాల్లో దీని గురించి తక్కువ రాస్తారు. జీతాల రోజు కౌంటరు దగ్గర కూర్చుంటే తెలుస్తుంది.

అన్నీ చెడ్డ కథలే కావు. జీడిమెట్లలో ఒక ప్యాకింగ్ యూనిట్ యజమాని మొదట్నుంచీ కొత్త డీఏ ప్రకటన రాగానే ఆ నెల నుంచే కలిపి ఇస్తాడు. పక్క షెడ్లలో ప్రతి పండక్కీ సగం మంది మాయమవుతారు, మళ్ళీ కొత్తవాళ్ళను వెతికి, నేర్పించి, తప్పులు భరించాలి. ఈయన దగ్గర ఆ బాధ లేదు. జీతం ఖర్చు ఎక్కువే అయినా మనుషులు మారే ఖర్చు మిగులుతోందని ఆయనే నాకు లెక్క వేసి చూపించాడు. జీతం పెంచితే ఉద్యోగాలు ఎందుకు తగ్గవో దానికి ఇదొక కారణం.

అయితే నిజాయితీగా ఇచ్చేవాడికి అన్నిచోట్లా ఇలా కలిసిరాదు. ముఖ్యంగా టెండర్లలో. అవుట్‌సోర్సింగ్ టెండరులో జీతం, పీఎఫ్, ఈఎస్ఐ అందరికీ ఒకటే, పోటీ అంతా ఏజెన్సీ తనకోసం తీసుకునే సర్వీస్ చార్జి మీద. ఒక్క శాతానికి కూడా తక్కువకు కోట్ చేసి పని దక్కించుకునేవాళ్ళున్నారు. ఆ డబ్బుతో ఆఫీసు అద్దె కూడా రాదు. మరి లాభం ఎక్కణ్ణుంచి వస్తుంది? గార్డు జీతంలోంచే. జీతం బ్యాంకులో పూర్తిగా పడుతుంది, ఏటీఎం కార్డు సూపర్‌వైజరు దగ్గర ఉంటుంది. లేదా జీతం పడిన సాయంత్రమే రెండు వేలు చేతికి తిరిగివ్వాలి. కాగితం మీద కడిగిన ముత్యం. నన్నూ అలాంటి రిజిస్టరు రాయమని అడిగినవాళ్ళున్నారు, వాళ్ళ పని వదులుకున్నాను. టెండరు పిలిచే ఆఫీసుకు ఇది తెలియదని అనుకోవడం అమాయకత్వం. ఇలాంటి చోట కనీస వేతనం పెంచితే గార్డుకు పెరిగేది కొంత, తిరిగిచ్చేది కూడా కొంత పెరుగుతుంది.

ఈ అంకె ఎక్కణ్ణుంచి వస్తుందో కూడా చెప్పాలి, ఎందుకంటే చాలామంది మంత్రిగారి నోటికొచ్చినది అనుకుంటారు. 1957లో జరిగిన భారత కార్మిక సదస్సు ఒక కొలత పెట్టింది: కుటుంబానికి మూడు వినియోగ యూనిట్లు (ఒక పెద్ద మనిషి అవసరం ఒక యూనిట్), ఒక్కో యూనిట్‌కు రోజుకు 2,700 కేలరీల తిండి, కుటుంబం మొత్తానికి ఏడాదికి 72 గజాల బట్ట, ఇంటి అద్దె, ఇవి కాక వంటచెరుకు, దీపం, ఇతర ఖర్చులకు 20 శాతం. పిల్లల చదువు, వైద్యం, పెళ్ళిళ్ళు, ముసలితనం లాంటి వాటికి ఇంకో 25 శాతం కలపాలని సుప్రీంకోర్టు 1991లో రెప్టకోస్ బ్రెట్ కేసులో చెప్పింది. కనీస వేతనం కూడా ఇవ్వకుండా పని చేయించుకోవడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టిచాకిరీయే అని 1982లో ఏషియాడ్ (ఢిల్లీ ఆసియా క్రీడల) నిర్మాణ కార్మికుల కేసులో ఇదే కోర్టు తేల్చింది. మాకు అంత స్తోమత లేదండీ అన్నది కోర్టులో చెల్లే వాదన కాదు.

కొలత ఇంత గట్టిగా ఉన్నా అంకె పలచగా ఎందుకుందంటే, సవరించరు కాబట్టి. 1948 నాటి కనీస వేతనాల చట్టం అయిదేళ్ళు దాటకుండా సమీక్షించాలంది. తెలంగాణలో చాలా రంగాలకు ఏళ్ళ తరబడి అది జరగలేదు. 2021 జూన్‌లో అయిదు రంగాలకు జీవోలు వచ్చినా గెజిట్‌లో అచ్చు కాక ఆగిపోయి, వ్యవహారం హైకోర్టు దాకా వెళ్ళింది. మరి ఈలోగా పెరిగేదేమిటి? డీఏ. ఏటా ఏప్రిల్ 1న, అక్టోబర్ 1న ధరల సూచీని బట్టి లేబర్ కమిషనర్ ప్రకటిస్తారు. జీవోలో ఒక మూల సూచీ ఉంటుంది, దానికి పైన ఎన్ని పాయింట్లు పెరిగితే పాయింటుకు ఇన్ని రూపాయలు కలపాలి. పాత జీవోలు 1982 సిరీస్ (1982 ధరలను 100గా తీసుకున్న సూచీ) మీద ఉంటాయి, ఇప్పుడొచ్చే సూచీ 2016 సిరీస్. అందుకని వచ్చిన అంకెను ముందు 2.88తో, తర్వాత 4.63తో హెచ్చించాలి. కొత్త సూచీ 140 అయితే పాత లెక్కన 1,867 దాకా అవుతుంది. చిన్న యజమానులు తప్పు లెక్క కట్టేది ఇక్కడే, కొందరు కావాలని, కొందరు తెలియక. డీఏ ధరల వెంట పరుగెత్తుతుందే తప్ప వాటిని దాటదు. మూల వేతనం సవరిస్తేనే కార్మికుడి బతుకు ఒక మెట్టు ఎక్కుతుంది.

జాతీయ స్థాయి సంగతి ఇంకా విచిత్రం. కేంద్రం చెప్పిన కనీస హద్దు 2017లో రోజుకు 176 రూపాయలు. 2019లో కేంద్రం వేసిన అనూప్ సత్పతి కమిటీ 375 ఉండాలంది. పాత చట్టం కింద ఆ హద్దు సలహా మాత్రమే, రాష్ట్రాలు పాటించి తీరాలని లేదు. ఆ చట్టం స్థానంలో 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్‌లో అది మారింది. కేంద్రం హద్దు నిర్ణయించాక ఏ రాష్ట్రమూ దానికన్నా తక్కువ పెట్టకూడదు. షెడ్యూలులో ఉన్న పనులకే వర్తిస్తుందన్న పాత నియమం కూడా పోయింది, ఇప్పుడు అందరికీ. పనిని పక్క రాష్ట్రానికి తీసుకుపోయే కంపెనీలకు అడ్డుకట్ట పడేది ఇలాంటి ఉమ్మడి హద్దు వల్లే, అది మరీ నేలబారుగా లేకపోతే.

ఇక మీ అన్నయ్య లెక్క. గార్డుల విషయంలో మోసం నెల జీతంలో దొరకదు, గంటలోకి మార్చి చూడాలి.

ఆ పనికి ప్రకటించిన కనీస వేతనం మూల వేతనం, డీఏ కలిపి నెలకు 13,000 అనుకుందాం (లెక్క కోసమే, ఆయన గ్రేడుకు అసలు అంకె లేబర్ శాఖ తాజా డీఏ ప్రకటనలో చూడండి). 26 రోజులకు భాగిస్తే రోజుకు 500. 8 గంటలకు భాగిస్తే గంటకు 62 రూపాయల 50 పైసలు. వారానికి 48 గంటలు దాటిన పనికి రెట్టింపు, అంటే గంటకు 125. మీ అన్నయ్య రోజూ 4 గంటలు ఎక్కువ చేస్తున్నాడు, అది రోజుకు 500. 26 రోజులకు ఓవర్‌టైమే 13,000 అవుతుంది. మొత్తం 26,000 రావాలి. వస్తున్నది 15,000. వారపు సెలవు కూడా ఇవ్వకుండా 30 రోజులూ చేయిస్తుంటే 360 గంటలకు 15,000, అంటే గంటకు 41 రూపాయల చిల్లర. నెల జీతం చూస్తే కనీస వేతనం కన్నా రెండు వేలు ఎక్కువే ఇస్తున్నట్టు కనపడుతుంది. చాలామంది గార్డులు మోసపోయేది సరిగ్గా ఇక్కడే.

చేతికొచ్చే 15,000 పీఎఫ్ కోత పోగానా, ముందా అన్నది కూడా చూడండి. ఆయన వాటా పీఎఫ్ 12 శాతం, ఈఎస్ఐ 0.75 శాతం జీతంలోంచి కొయ్యడం సక్రమమే. యజమాని వాటాను కూడా ఈయన జీతంలోంచే కోస్తుంటే అది చట్టవిరుద్ధం. యూనిఫాం, బూట్ల పేరుతో నెలనెలా పట్టుకునేది ఉంటే అదీ రాసిపెట్టుకోమనండి.

ఉద్యోగం పోతుందేమోనని టెన్షన్ ఉంటుంది, తెలుసు. అందుకే మొదట గొడవపడొద్దు. ముందు ఆధారాలు పోగు చెయ్యాలి. డ్యూటీ రోస్టరు ఫోటోలు, హాజరు పుస్తకంలో ఆయన సంతకం ఉన్న పేజీలు, వాట్సాప్‌లో సూపర్‌వైజరు పెట్టే షిఫ్టు మెసేజీలు, బ్యాంకు స్టేట్‌మెంటు, పీఎఫ్ పాస్‌బుక్. గార్డుల కేసులు ఓడిపోయేది చట్టం లేక కాదు, 12 గంటలు చేశాడని చూపించే కాగితం లేక. వేతనం ఇచ్చానని రుజువు చేసుకునే భారం కొత్త కోడ్ యజమాని మీదే పెట్టింది గానీ, మీ దగ్గర ఏమీ లేకుండా వెళ్తే అవతలివాళ్ళు తెచ్చిన రిజిస్టరే సాక్ష్యం అవుతుంది.

ఒక్కడే వెళ్ళకుండా అదే సైట్‌లోని నలుగురైదుగురు కలిస్తే మంచిది. పాత చట్టం కింద క్లెయిముకు ఆరు నెలలే గడువుండేది, కోడ్ దాన్ని మూడేళ్ళు చేసింది. బకాయితో పాటు దానికి పది రెట్ల దాకా పరిహారం వెయ్యొచ్చు. కార్మికుడే వెయ్యనక్కర్లేదు, రిజిస్టరైన యూనియన్ కూడా ఆయన తరఫున వెయ్యవచ్చు. పేరు బయటపడుతుందనే భయం ఉన్నచోట అదే నయం. పాత చట్టంలో జరిమానా 500 రూపాయల దాకా మాత్రమే ఉండేది, కాంట్రాక్టర్లు దాన్ని టీ ఖర్చులా చూసేవాళ్ళు. ఇప్పుడు తక్కువ ఇస్తే 50,000 దాకా, అయిదేళ్ళలోపు మళ్ళీ అదే తప్పు చేస్తే జైలు కూడా ఉంది.

మీ ఏరియా అసిస్టెంట్ లేబర్ ఆఫీసరు దగ్గరికి ముందు వెళ్ళి మాట్లాడండి. చాలాసార్లు ఒక్క నోటీసుకే కాంట్రాక్టరు రాజీకొస్తాడు. వచ్చినప్పుడు పాత బకాయి ఎంతో కొంత ఇచ్చి ఇకపై 8 గంటలే అంటే, ఎనిమిది గంటల జీతంతో ఇల్లు గడుస్తుందా అన్నది మీ అన్నయ్యే ఆలోచించుకోవాలి. ఓవర్‌టైమ్ ఆగితే మూడో షిఫ్టుకు ఇంకో మనిషిని పెట్టాల్సి వస్తుంది, అంటే ఒక కొత్త ఉద్యోగం పుడుతుంది. కానీ ఈయన చేతికొచ్చేది తగ్గుతుంది. రాజీ కుదరక క్లెయిము దాకా వెళ్తే ప్రతివాదులుగా కాంట్రాక్టరు ఒక్కణ్ణే పెట్టకండి, ఆస్పత్రిని కూడా చేర్చండి. కాంట్రాక్టరు ఎగ్గొడితే జీతం కట్టాల్సింది అసలు యజమానే. కాంట్రాక్టర్లు పేరు మార్చుకుని ఇంకో ఏజెన్సీ పెట్టుకోగలరు, ఆస్పత్రి ఎక్కడికీ పోదు.